పటం విప్పితే మొదలయ్యే ఆట

చిల్పూరు గుట్ట మీది స్వామికి బుగులు వేంకటేశ్వరుడని పేరు. పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీర్చే దారి తోచక, బుగులు పుట్టి ఇక్కడికొచ్చి తలదాచుకున్నాడని ఈ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. ఆటకు ఇంతకన్నా మంచి కథ దొరుకుతుందా? అప్పిచ్చినవాడు వెతుకుతాడు, దేవుడు దాక్కుంటాడు. మన పిల్లలు మాత్రం అట్టపెట్టెలో వచ్చిన వ్యాపారం ఆటలో బొంబాయినీ ఢిల్లీనీ కొని అమ్ముతుంటారు.

ఊరి చరిత్రను, భాషను ఆటలో పెట్టి నేర్పాలన్న ఆలోచన ఈమధ్య బాగానే ఊపందుకుంది. బొంబాయి ఐఐటీ డిజైన్ విభాగం 2010లో పిల్లల ఆట, చదువుల మీద ప్రత్యేకంగా సదస్సు పెట్టింది. 2021లో కేంద్ర ప్రభుత్వం టాయ్‌కథాన్ పేరుతో విద్యార్థుల చేత కొత్త ఆటలు తయారుచేయించింది. మంచిదే. కానీ ఈ పని మన దగ్గర చాలాకాలం కిందటే జరిగింది, అదీ చేర్యాలలో. 2016లో జిల్లాలు మారినప్పుడు చేర్యాల సిద్దిపేటలోకి పోయింది గానీ, అంతకుముందు అదీ చిల్పూరూ ఒకే వరంగల్ జిల్లా.

చేర్యాలలో కథల పటాలు గీసే నకాషీలు ఖాదీగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి గట్టిపరిచి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేస్తారు. ఆ పటం మొదట్లో గోడకు వేలాడదీయడానికి కాదు. కథ చెప్పేవాళ్లు పురమాయిస్తే గీసిచ్చేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారికి ఒక పటం, గౌడులకు గౌడపురాణం చెప్పే గౌడజెట్టీలకు మరొకటి, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారికి ఇంకొకటి. గొల్లల కోసం కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారికైతే పటం కాదు, కొయ్యబొమ్మలు. రాత్రిపూట జనమంతా చుట్టూ చేరాక పటం కొంచెం కొంచెంగా విప్పుతారు. ఏ బొమ్మ ఎప్పుడు కనపడాలో, ఎక్కడ ఆపాలో, ఎక్కడ నవ్వించాలో చెప్పేవాడి చేతిలో ఉంటుంది. వినేవాళ్లు తమ కులం పుట్టుక తెలుసుకుంటారు, పాతమాటలు చెవిన పడతాయి, పిల్లలు నిద్ర ఆపుకుని కూర్చుంటారు. పాతబడి చిరిగిన పటాన్ని నీళ్లలో కలిపేవారట, మనిషికి చేసినట్టే.

ఇప్పుడు అదే బొమ్మ తాళంచెవి గొలుసుకూ గోడ మీది మాస్కుకూ దిగింది. నకాషీలకు నాలుగు డబ్బులొస్తున్నాయి, కాదనను. నా గొడవల్లా డిజైనర్లతోనే. చేర్యాల ఎరుపును ఎత్తుకుపోయి పేకముక్కల మీద అద్దితే అది స్థానిక ఆట అయిపోదు. నియమాలెక్కడ? చెప్పేవాడెక్కడ?

చిల్పూరు ఉన్న జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌నే తీసుకోండి. సర్వాయి పాపన్న కోట అక్కడే ఉంది. కల్లుగీత కులంలో పుట్టిన పాపన్న 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్‌ను కొల్లగొట్టాడు. 1710లో మొఘలుల చేతికి చిక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లో అతను దొంగ. జానపద గాయకుల పాటలో వీరుడు. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరికి ఖాఫీఖాన్ చీటీలు, ఇంకొకరికి పాటగాడి చీటీలు పంచండి. పటం విప్పిన కొద్దీ ఒక్కో కోట బయటికొస్తుంది. అదే దాడిని ఇద్దరూ తలో తీరుగా చెప్పాలి. ఎవరి మాట నమ్మాలో తేల్చేది చుట్టూ కూర్చున్నవాళ్లు, చేతిలోని గవ్వలు వేసి. ఇక 1710 గడి ఒకటి మిగులుతుంది. దాని మీద ఏం రాయాలో ఆ పాట పాడేవాళ్లను అడిగి రాయాలి, డబ్బులిచ్చి మరీ.