కుక్కపిల్ల వచ్చిన ఇల్లు

గోదావరి, పెన్‌గంగ, ప్రాణహిత నదుల నడుమ ఉన్న ఆదిలాబాదు సీమలో కుక్క లేని పల్లె కనిపించదు. జొన్నచేను కాపలాకు, పశువుల మందకు, రాత్రివేళ ఇంటి వాకిటికి అదే తోడు. పాలు మరచిన పిల్లను తెచ్చి, మెడకు తాడు కట్టి, గిన్నెలో ఇంత గట్క పెడితే దాని పోషణ భారం తీరినట్లే అనుకోవడం తరతరాల అలవాటు. కానీ ఆ పిల్లలలో అనేకం ఏడాది తిరగకముందే చనిపోతాయి. చిరుతపులికో పాముకాటుకో బలియైనవాటికంటె కంటికి కనిపించని సూక్ష్మజీవులకు, ఇంటిలోనే ఉన్న విషపదార్థాలకు బలియైనవే ఎక్కువ. ఈ శత్రువులను మానవుడు ఒక్కొక్కటిగా ఎట్లు గుర్తించినాడో తెలిపే చరిత్ర ఆసక్తికరమైనది. అందులో నేర్చుకొనవలసిన పాఠం కూడా ఉన్నది.

పదునాలుగు వేల ఏండ్లనాటి రోగి

1914లో జర్మనీ దేశంలోని బాన్ నగరం సమీపాన, ఓబర్‌కాసెల్ అనే చోట రాతిగని కార్మికులకు ఒక పురాతన సమాధి బయటపడినది. అందులో ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థిపంజరాలతోపాటు ఒక చిన్న కుక్క ఎముకలు కూడా ఉన్నవి. వాటి వయస్సు సుమారు 14,000 సంవత్సరాలు. ఆ కుక్క పండ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విశేషాన్ని ప్రకటించినారు. తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడు పంటిపై ఏర్పడే ఎనామెల్ పూత ఆగిపోయి, అక్కడ గీతలు మిగిలిపోతాయి. అటువంటి గీతలు ఈ పండ్లపై కనిపించినవి. సుమారు ఐదు నెలల వయస్సులో ఆ పిల్లకు డిస్టెంపర్ అనే వ్యాధి సోకి ఉండవచ్చుననీ, మనుష్యులు శుభ్రపరచి, వెచ్చగా ఉంచి, నీరు త్రాగించకపోతే అది అన్ని వారాలు జీవించి ఉండేది కాదనీ వారు భావించినారు. జబ్బుపడిన పిల్ల వేటకు పనికిరాదు. అయినను దానిని సాకినారు. దీనినిబట్టి కుక్కపిల్లపై మానవునికి గల ప్రేమ ఎంత పాతదో తెలుస్తున్నది. జబ్బును నివారించే జ్ఞానం మాత్రం నిన్నమొన్నటిది.

డిస్టెంపర్‌పై విజయం

మశూచి టీకాను కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్ 1809లో ఈ వ్యాధి లక్షణాలను వివరంగా వర్ణించినాడు. జ్వరం, కండ్లలో పుసి, దగ్గు, విరేచనాలు, చివరకు మూర్ఛలు దీని క్రమం. 1905లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కారే, దీనికి కారణం బాక్టీరియాలను ఆపే వడపోత గుండా కూడా జారిపోయే అతిసూక్ష్మ పదార్థమని నిరూపించినాడు. అదే నేడు మనం చెప్పుకొనే వైరస్. 1920 దశకంలో ఇంగ్లండులో లెయిడ్లా, డంకిన్ అనే ఇద్దరు ముంగిసను పోలిన ఫెరెట్ అనే జంతువుపై పరిశోధించి టీకాను తయారుచేసినారు. మొదట నిర్వీర్యం చేసిన వైరస్‌ను, తరువాత సజీవ వైరస్‌ను ఇవ్వడం వారి పద్ధతి. ఈ కృషివల్ల మానవునికి కూడా మేలు జరిగినది. అదే ఫెరెట్ సాయంతో 1933లో లెయిడ్లా, స్మిత్, ఆండ్రూస్‌లు మానవుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పట్టుకొనగలిగినారు.

కాటు తరువాత, కాటుకు ముందు

పిచ్చికుక్క కాటు మన దేశానికి కొత్త కాదు. నీటిని చూచి భయపడే లక్షణం కనిపించిన రోగి బ్రతకడని సుశ్రుతసంహిత కల్పస్థానంలో చెప్పబడినది. 1804లో జర్మను శాస్త్రజ్ఞుడు జింకె, వెర్రికుక్క లాలాజలాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకు సోకించి, వ్యాధి లాలాజలంలోనే ఉన్నదని చూపినాడు. తరువాత లూయీ పాశ్చర్ రంగంలోకి వచ్చినాడు. వ్యాధిగ్రస్తమైన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, వ్యాధి తీవ్రతను తగ్గించి, దానితో ఆయన ముందుగా కాపాడినది కుక్కలనే. ఆ పిమ్మట 1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి చికిత్స ఆరంభించినాడు. బాలుడు బ్రతికినాడు.

అప్పటినుండి లోకం దృష్టి అంతా కాటు తిన్న మనిషిపైననే నిలిచినది. మన దేశంలో 1900లో కసౌలిలోను, 1907లో కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. 1911లో డేవిడ్ సెంపుల్ గొర్రెమెదడును ఉపయోగించి, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపి, టీకా తయారుచేసే పద్ధతిని రూపొందించినాడు. కానీ ఆదిలాబాదు అడవిపల్లెలో కాటు తిన్నవానికి కూనూరు ఎంత దూరమో ఊహింపవచ్చు. కాజీపేట, బల్హార్షాలను కలిపే రైలుమార్గం 1929లోగాని పూర్తికాలేదు. అంతకుముందు బండిపై, కాలినడకన పోయేలోపల వ్యాధి మెదడును చేరవచ్చును. టీకా దొరికినను బొడ్డుచుట్టూ ఎన్నో సూదులు పొడిపించుకొనవలసి ఉండేది. ఆ మందులోని మెదడు కణజాలంవల్ల కొందరికి పక్షవాతం కూడా వచ్చేది. కణవర్ధనాల నుండి తయారైన సురక్షితమైన టీకాలు వచ్చిన తరువాత, 2004 చివర మన దేశంలో ఈ పాత టీకా తయారీ ఆగిపోయినది.

వ్యాధిని కుక్కలోనే ఆపవచ్చుననే ఆలోచనను పెద్దయెత్తున ఆచరణలో పెట్టినవారు జపాను శాస్త్రజ్ఞులు ఉమెనో, డోయి. 1921 నాటికే వారు ఒకే సూదితో కుక్కలకు టీకా వేసే విధానాన్ని ప్రకటించినారు. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడితే వ్యాధి వ్యాపించే గొలుసు తెగిపోతుందని నేటి శాస్త్రజ్ఞుల అంచనా. 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ కుక్కలకు వేసే ఈ టీకాను తయారుచేస్తున్నది. కనుక ఇప్పుడు దూరం అడ్డు కాదు. పిల్లకు మూడు నెలలు నిండగానే ఒకసారి, ఏడాది తరువాత మరొకసారి, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం టీకా వేయించవలెను. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదునైదు నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి మందు లేదు.

నేలలో దాగిన శత్రువు

1978లో ఒక కొత్త వ్యాధి బయలుదేరి, రెండేండ్లలో లోకమంతా వ్యాపించినది. పిల్లుల వైరస్ ఒకటి స్వల్పంగా మార్పుచెంది కుక్కలకు సోకడం దీనికి కారణం. దీని పేరు పార్వో. దీనివల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో లేత పిల్లలు రెండు మూడు రోజులలో చనిపోతాయి. డిస్టెంపర్ వైరస్‌పై కొవ్వుపొర ఉన్నది. ఆ పొర చెడితే వైరస్ నశిస్తుంది. పార్వోకు అటువంటి పొర లేదు. అందువల్ల అది నేలపై నెలల తరబడి నిలిచి ఉంటుంది, ఫినాయిలుకు లొంగదు. ఒక పిల్ల ఈ వ్యాధితో చనిపోయిన ఇంటికి మరొక పిల్లను తెస్తే, అదికూడా చనిపోవడానికి కారణం ఇదే. అటువంటి నేలను ముందు శుభ్రంగా కడిగి, సోడియం హైపోక్లోరైట్ ద్రవం ఒక పాలుకు ముప్పది పాళ్ల నీరు కలిపి చల్లి, పది నిమిషాలు ఉంచవలెను.

పార్వో, డిస్టెంపర్ టీకాలను పలుమార్లు ఎందుకు వేస్తారని విద్యార్థులు అడుగవచ్చును. తల్లి ముర్రుపాలలోని ప్రతిరక్షకాలు పిల్లను కొన్ని వారాలు కాపాడుతాయి. అవే టీకాను కూడా పనిచేయనీయవు. అవి ఏ పిల్లలో ఎప్పుడు తరిగిపోతాయో చెప్పలేము. అందుచేత ఆరు, ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేస్తారు. అంతవరకు పిల్లను వీధికుక్కలతో కలువనీయరాదు.

వంటింటిలో, కొట్టంలో

మనిషికి ఆహారమైనది కుక్కకు విషం కావచ్చును. ఉల్లిగడ్డలు తినిపిస్తే కుక్కలకు రక్తహీనత కలుగుతుందని 1930లో అమెరికాలో సెబ్రెల్ ప్రకటించినాడు. ఉల్లిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్తకణాలను పగులగొడతాయి. వండినను వాటి గుణం పోదు. ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది.

ఆదిలాబాదు పత్తి పండే సీమ. పత్తికి కొట్టే మందులలో కొన్ని సేంద్రియ ఫాస్ఫరస్ సమ్మేళనాలు. 1930 దశకంలో జర్మనీలో ష్రాడర్ వీటిపై పరిశోధన ఆరంభించినాడు. ఇవి నాడులలో ఎసిటైల్‌కొలిన్ అనే పదార్థాన్ని విడగొట్టే ఎంజైమును స్తంభింపజేస్తాయి. అందువల్ల చొంగ కారడం, వణుకు, ఊపిరాడకపోవడం సంభవిస్తాయి. పురుగును చంపే ఈ గుణమే కుక్కపిల్లనూ, పసిబిడ్డనూ చంపుతుంది. కాబట్టి మందుడబ్బాలను తాళం వేసిన పెట్టెలో ఎత్తున ఉంచవలెను. ఖాళీ డబ్బాను నీటిగిన్నెగా ఎన్నడూ వాడరాదు.

ఇంటి గడప దాటి

1965లో అభయారణ్యంగా, 2012లో పులుల రక్షితప్రాంతంగా ప్రకటించబడిన కవ్వాల్ అడవి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదే. అక్కడ పులులు, రేచుకుక్కలు ఉన్నవి, పల్లెలూ ఉన్నవి. టీకాలు లేని ఊరికుక్కల వ్యాధి అడవికి పాకగలదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ మూడింట ఒకవంతు సింహాలను బలిగొన్నది. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహాలు మరణించగా, కొన్నింటిలో ఇదే వైరస్ కనిపించినది.

పాశ్చర్ ముందుగా కాపాడినది కుక్కను. కానీ లోకం చాలాకాలం కాటు తిన్న మనిషిని మాత్రమే చూచి, కుక్కను మరచిపోయినది. ఆ మరపు మూల్యాన్ని ఎక్కువగా చెల్లించినవారు ఆస్పత్రికి దూరంగా ఉన్న పల్లెల పిల్లలే. ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు సకాలంలో పడిన టీకా ఆ పిల్లనేగాక, దానితో ఆడుకొనే బిడ్డను, ఊరి పక్కనున్న అడవిని కూడా కాపాడుతుంది.