ఎర్ర ఫోన్ బూత్‌లో చట్టం కాపాడింది దేన్ని?

బ్రిటన్ ఎర్ర టెలిఫోన్ బూత్‌ల కథను సాధారణంగా ఒక విజయగాథగా చెబుతుంటారు. 1984లో ప్రైవేటుపరమైన బ్రిటిష్ టెలికాం, పాత బూత్‌లు తీసేసి కొత్తవి పెడతామని మరుసటి ఏడాది ప్రకటించింది. పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్లు అడ్డుపడ్డారు. ప్రభుత్వం బూత్‌లను వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కించింది. అలా అవి బతికిపోయాయి. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ, ఒక లంకె మాత్రం బలహీనంగా ఉంది. జాబితాకెక్కడం వల్లే బూత్‌లు బతికాయా, లేక ఎలాగూ బతికే చోట ఉన్నవే జాబితాకెక్కాయా? ఆధారాలు దీనికి ఎంతవరకు జవాబు చెబుతాయో చూద్దాం.

ముందు ఆ వస్తువు సంగతి. బూత్ నమూనా కోసం 1924లో జరిగిన పోటీలో సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గెలిచాడు. లివర్‌పూల్ ఆంగ్లికన్ కేథడ్రల్ రూపశిల్పి ఆయనే. చెక్కతో చేసిన ఆయన తొలి నమూనా లండన్ పికడిల్లీలో, రాయల్ అకాడమీ ఉన్న బర్లింగ్టన్ హౌస్ ముఖద్వారంలో నేటికీ నిలిచి ఉంది. దానికి వారసత్వ జాబితాలో గ్రేడ్ టూ స్టార్ హోదా ఉంది. మిగతా రక్షిత బూత్‌లు దాదాపు అన్నీ ఒక మెట్టు కింద, గ్రేడ్ టూలో ఉంటాయి. ఈ నమూనాను పోత ఇనుముతో చేసి 1926 నుంచి వీధుల్లో నిలిపారు. అదే కె2. పెద్దది, ఖరీదైనది కావడంతో ఎక్కువగా లండన్‌కే పరిమితమైంది. దాని గుమ్మటం వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ సమాధి పైకప్పును తలపిస్తుంది. స్కాట్‌కు సోన్ మ్యూజియంతో ట్రస్టీగా సంబంధం ఉంది కాబట్టి ఈ పోలికను కొట్టిపారేయలేం. అయినా పోలికను పోలికగానే ఉంచడం మేలు.

రంగు విషయం ఇంకా ఆసక్తికరం. స్కాట్ కోరింది బయట వెండి రంగు, లోపల నీలి ఆకుపచ్చ. ఎరుపును ఎంచుకున్నది టెలిఫోన్ సేవలు నడిపిన పోస్టాఫీసు. పల్లె అందాలకు ఆ ఎరుపు నప్పదని అప్పట్లో గట్టిగానే అభ్యంతరాలు వచ్చాయి. ప్రకృతి సౌందర్యానికి పేరున్న కొన్ని చోట్ల బూత్‌కు బూడిద రంగు వేసి, కిటికీ చట్రాలకు మాత్రం ఎరుపు ఉంచాల్సి వచ్చింది. సొంత టెలిఫోన్ వ్యవస్థ నడుపుకున్న హల్ నగరంలోనైతే బూత్‌లు మీగడ రంగువి, వాటిమీద కిరీటం గుర్తు కూడా లేదు. ఇప్పుడు దేశానికే చిహ్నంగా కనిపిస్తున్న ఎరుపు, తొలిరోజుల్లో అందరి ఆమోదంతో వచ్చినదైతే కాదు. వారసత్వమన్న గౌరవం తర్వాత పేరుకున్నదే.

అసలు మలుపు కె6. అయిదవ జార్జి రాజు పాలన రజతోత్సవం సందర్భంగా స్కాట్ 1935లో గీసిన నమూనా ఇది. కె2 కంటే చిన్నది, తేలిక. తేలికంటే బరువు ముప్పావు టన్నుకు కాస్త తక్కువ. రెంటినీ గుర్తుపట్టడం సులువు. కె2 తలుపులో సమానమైన గాజు పలకలు ఆరు వరసలుంటాయి. కె6లో ఎనిమిది వరసలు, మధ్య పలక వెడల్పు, అటూ ఇటూ సన్నవి. రజతోత్సవ పథకం ప్రకారం, రాబడి వస్తుందా రాదా అని చూడకుండా పోస్టాఫీసు ఉన్న ప్రతి ఊరికీ ఒక బూత్ ఇచ్చారు. అలా కొత్తగా వచ్చినవే 8,000 పైచిలుకు. మొత్తం కె6ల సంఖ్య తర్వాతి దశాబ్దాల్లో 60,000 దాటింది. ఈ వ్యాసానికి ఆయువుపట్టు అనదగ్గ వాస్తవం ఇదే: కె6 గొప్పతనం అది ప్రతిచోటా ఉండటంలో ఉంది. గని కార్మికుల వాడలోనూ, కేథడ్రల్ ముంగిట్లోనూ నిలిచింది అదే పోత, అదే కిరీటం.

ఇక జాబితా దగ్గరికి వద్దాం. 1979లో పుట్టిన పరిరక్షణ సంస్థ థర్టీస్ సొసైటీ (1992 నుంచి ట్వంటియత్ సెంచరీ సొసైటీ) పోరాటం వల్ల 1980ల రెండో సగంలో బూత్‌లను జాబితాకెక్కించడం ఊపందుకుంది. నేడు రక్షణ ఉన్న కె6లే 2,000కు పైగా ఉన్నాయి. అరుదైన నమూనాలకు వాటి అరుదుతనమే అర్హత. లండన్ జూలో ఉన్న కాంక్రీటు కె3 అలాంటిదే. కె6 అరుదైనది కాదు కాబట్టి దానికి వేరే కొలబద్ద పెట్టారు. చుట్టుపక్కల ఇతర రక్షిత కట్టడాలతో కలిసి కంటికి ఆనాలి, లేదా ఉన్న పరిసరం ప్రత్యేకంగా ఉండాలి. అంటే బూత్‌కు అర్హత చాలావరకు దాని ఇరుగుపొరుగును బట్టి వస్తుంది.

ఈ కొలబద్ద పాలనకు వీలైనదే. కానీ పరిశోధకుడికి ఇది రెండు చిక్కులు తెస్తుంది. మొదటిది, జాబితాలో ఉన్న బూత్‌లనూ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చట్టం ఎంత పనిచేసిందో లెక్కగట్టలేం. పాత చర్చి, పచ్చిక బయలు, రాతి ఇళ్లు ఉన్న ఊళ్లో ఆ బూత్ కోసం కౌన్సిల్‌కు ఉత్తరాలు రాసే మనుషులు కూడా ఉండే అవకాశం ఎక్కువ. జాబితా లేకున్నా అక్కడ బూత్ నిలిచేదేమో. రెండో చిక్కు నన్ను ఎక్కువ కలతపెడుతుంది. అందమైన చోట్లకే రక్షణ దక్కితే, రేపటి తరం ఎర్ర బూత్‌ను అందమైన ఊళ్ల వస్తువుగానే చూస్తుంది. మామూలు కాలనీల్లో, ఫ్యాక్టరీ వీధుల్లో, పోస్టాఫీసు తప్ప మరేమీ లేని పల్లెల్లో ఉన్న బూత్‌లు ఈ కొలబద్దకు అందవు. రజతోత్సవ పథకం ఉద్దేశించినది సరిగ్గా అలాంటి ఊళ్లనే.

జాబితా దేన్ని కాపాడుతుందో కూడా కచ్చితంగా చెప్పుకోవాలి. 1990 నాటి రక్షిత కట్టడాల చట్టం కింద అనుమతి లేకుండా బూత్‌ను తీసేయకూడదు, దాని స్వరూపం మార్చకూడదు. లోపల ఫోన్ మోగుతుండాలని ఆ చట్టం అడగదు. ఫోన్ సేవ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పరిధిలోనిది. 2022లో ఆ సంస్థ పెట్టిన నియమాలు చూడండి: నాలుగు మొబైల్ నెట్‌వర్కుల్లో ఏ ఒక్కటైనా అందని చోటైనా, ప్రమాదాలో ఆత్మహత్యలో ఎక్కువగా జరిగే చోటైనా, ఏడాదిలో కనీసం 52 కాల్స్ వెళ్లిన బూత్‌నైనా తీసేయకుండా ఆపవచ్చు. అప్పటికి మిగిలిన అన్ని రకాల బూత్‌లు సుమారు 21,000. ఈ నియమాలతో రక్షణ దొరికేవి దాదాపు 5,000 అని అంచనా. 2020 మే నెలతో ముగిసిన ఏడాదిలో బూత్‌ల నుంచి అత్యవసర సేవలకు దాదాపు 1,50,000 కాల్స్ వెళ్లాయి. ఇక్కడ ప్రమాణం మనిషి అవసరం. అటువైపు ప్రమాణం వీధి అందం. ఒకే ఇనుప పెట్టెను రెండు వ్యవస్థలు రెండు వేర్వేరు కారణాలతో కాపాడుతున్నాయి, ఒకదాని తీర్పు రెండోదానికి వర్తించదు.

తొలగింపు కోరినవాళ్ల వాదనలోనూ పస ఉంది. కె6 తలుపు బరువు, లోపల ఇరుకు, కింద గడప. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు అది మూసిన తలుపే. కొత్త నమూనాలు ఈ లోపాన్ని సరిదిద్దాయి.

మరి ఒక బూత్ ఎప్పటిదో, ఎక్కడిదో తేల్చే ఆధారాలు ఎక్కడ వెతకాలి? కొంతవరకు ఆ ఇనుములోనే. చాలా బూత్‌ల వెనక అడుగుభాగాన కారన్, లయన్ వంటి స్కాట్లండ్ ఫౌండ్రీల పేర్లు పోతలోనే ఉంటాయి. నుదుటి మీది కిరీటం కూడా కాలం చెబుతుంది. 1953కు ముందు ట్యూడర్ కిరీటం, ఆ తర్వాత సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. స్కాట్లండ్ తన కిరీటమే కావాలనడంతో, 1950ల మధ్య నుంచి నుదుటి పలకలో ఒక గాడి వదిలి, ఆ ప్రాంతపు కిరీటం ఉన్న బిళ్లను అందులోకి దించి, ఆపైన కప్పు బిగించేవారు. కాబట్టి ఇంగ్లండ్ బూత్‌లో స్కాట్లండ్ కిరీటం కనిపిస్తే, ఎప్పుడో కప్పు విప్పారనో, బూత్ మొత్తం వేరే చోటి నుంచి వచ్చిందనో అనుమానించాలి. చోటును బట్టి రక్షణ ఇచ్చే పద్ధతిలో ఇది చిన్న విషయం కాదు. స్కాట్లండ్‌లోని పెనన్ ఊళ్లో రక్షిత బూత్ ఒకటుంది. 1983 నాటి ‘లోకల్ హీరో’ సినిమాలో చూసిన బూత్ అదేననుకుని జనం వెళుతుంటారు. సినిమాలోది సెట్టింగు కోసం చేసిన బొమ్మ బూత్. ఇప్పుడు అక్కడ ఉన్నది నిజమైనదే గానీ తెరమీద కనిపించింది కాదు.

2008లో బీటీ (బ్రిటిష్ టెలికాం) మొదలుపెట్టిన దత్తత పథకం మూడో దారి తెరిచింది. ఒక్క పౌండుకే స్థానిక కౌన్సిల్ బూత్‌ను తీసుకోవచ్చు. ఫోన్ పోతుంది, పెట్టె ఊరికి మిగులుతుంది. సోమర్సెట్‌లోని వెస్ట్‌బరీ సబ్ మెండిప్‌లో 2009లో అది పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే చోటయింది. అనేక ఊళ్లలో గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్‌ను ఇందులోనే పెట్టారు. దత్తతకెళ్లినవి వేలల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటికి జాబితా రక్షణ లేదు. జాబితా ఒక్కటే బూత్‌లను కాపాడిందన్న మాట నిలవదని చెప్పడానికి ఈ ఒక్క వాస్తవం చాలు. అయితే దత్తతకు కూడా పూనుకునే కౌన్సిల్, రంగు వేయించే మనుషులు కావాలి. ఆ స్తోమత ఉన్న ఊరికే అది అందుతుంది.

అందుకే కె6 కొలబద్దకు ఒక అంశం చేర్చాలని నా అభిప్రాయం. పరిసరాల అందంతో పాటు, ఆ బూత్ రజతోత్సవ పథకం కింద వచ్చిందా, మొదట నాటిన చోటే ఉందా అన్నదాన్నీ అర్హతగా లెక్కించాలి. తొలగింపు నోటీసు పడిన ప్రతి బూత్ దగ్గరా కిరీటం, ఫౌండ్రీ గుర్తు, నాటిన చోటు నమోదు చేయాలి. ఈ పని నోటీసు గడువులోనే జరగాలి. లారీ ఎక్కాక ఒక కె6కూ మరో కె6కూ తేడా చెప్పడం కష్టం.