వ్యసనం: దోషమా? దుఃఖమా? – సారా వ్యతిరేకోద్యమం నేపథ్యంలో ఒక పరిశీలన

సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘వ్యసనం’ అనే మాటకు ఆపద, దుఃఖం అనే అర్థం ఉంది. విడవలేని చెడు అలవాటు అనే అర్థమూ ఉంది. ‘వ్యసనపడు’ అన్నప్పుడు మొదటిది, ‘సప్తవ్యసనాలు’ అన్నప్పుడు రెండవది స్ఫురిస్తాయి. రాజు విడువవలసిన వ్యసనాల్లో మిక్కిలి హానికరమైన ఏడింటిని చెబుతూ మనుస్మృతి పానాన్నే ముందు పేర్కొంది. ధర్మశాస్త్రాలు సురాపానాన్ని పంచమహాపాతకాల్లో చేర్చి ప్రాయశ్చిత్తం విధించాయి. చరకసంహిత మాత్రం ‘మదాత్యయం’ పేరిట దాని చికిత్సకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అయినా లోకవ్యవహారంలో స్థిరపడింది దోషదృష్టే. ‘తాగుబోతు’ అనే మాట రోగిని సూచించదు, నిందిస్తుంది.

ఈ దృష్టిని తొలిసారి బలంగా కదిలించిన ఘట్టాల్లో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమం ఒకటి. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రి బడులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకాల్లోని కథలను చర్చిస్తూ తమ ఇళ్ల సంగతులు చెప్పుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం ఆపై వాచకంలో పాఠమైంది. 1992లో స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. మద్యనిషేధాన్ని 1997లో సడలించారు.

కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం, దెబ్బలు, పిల్లల పస్తులు – ఆ స్త్రీలు చెప్పినవి ఇవే. ‘వ్యసనం’లో మరుగున పడిన దుఃఖార్థం వారి మాటల్లో వెలికి వచ్చింది. అయితే అది తాగేవాని చుట్టూ ఉన్నవారి దుఃఖం. తాగేవాని శరీరానికి పట్టిన ఆపద చర్చలోకి అంతగా రాలేదు.

వైద్యశాస్త్రం ఆ ఆపదను అప్పటికే గుర్తించింది. మద్యంపై ఆధారపడటాన్ని ఒక లక్షణ సముదాయంగా ఎడ్వర్డ్స్, గ్రాస్ 1976లో వివరించారు. మోతాదు పెరుగుతూ పోవడం, మొదలుపెడితే ఆపలేకపోవడం, మానితే చేతులు వణకడం, ఆ వణుకు తగ్గడానికి ఉదయమే తాగడం వాటిలో ముఖ్యమైనవి. ఇవి కనిపించినప్పుడు వైద్యసహాయం కోరడంలో జాప్యం తగదు. తీవ్రంగా అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. దుకాణం మూతపడినంత మాత్రాన శరీరంలోని ఈ స్థితి మారదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో వెలువరించిన పది ప్రశ్నల పరీక్షలో చివరి ప్రశ్న గమనించదగినది. బంధువులో, మిత్రులో, వైద్యులో ఆందోళన వ్యక్తం చేశారా, తాగడం తగ్గించమన్నారా అని అది అడుగుతుంది. తాగేవాడు ఒప్పుకోని స్థితిని ఇంటివారు ముందే గుర్తిస్తారన్న ఎరుక అందులో ఉంది. రాత్రి బడుల్లో స్త్రీలు చెప్పుకున్నదీ అటువంటి గుర్తింపే. అందువల్ల ఉద్యమకాలపు స్త్రీల కథనాలను నిషేధోద్యమ సాక్ష్యాలుగానే కాక, చికిత్స అవసరాన్ని ముందుగా తెలిపిన సాక్ష్యాలుగానూ చదవవలసి ఉంది. అప్పుడు ‘వ్యసనం’ అనే మాటలోని దుఃఖం తాగేవానికీ వర్తిస్తుంది. నిందకు వెరచి వైద్యుని వద్దకు వెళ్లనివారి మౌనమూ ఈ చరిత్రలో భాగమవుతుంది.