విశాఖ తీరం చెప్పిన పాఠం: జపాన్ నౌకాదళ పతనంపై పునర్విచారం

1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలో చేసిన దాడిని చరిత్రకారులు కొలంబోతో మొదలుపెట్టి ట్రింకోమలీతో ముగిస్తారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడిన బాంబులకు దక్కేది ఒక్క వాక్యం. మన తీరాన్ని చిన్నచూపు చూశారన్నది ఇక్కడ అసలు ఫిర్యాదు కాదు. జపాన్ నౌకాదళం ఎందుకు కూలిందో చెప్పే ఆధారం ఆ ఒక్క వాక్యం కింద పూడిపోయిందన్నదే ఈ వ్యాసం వాదన.

ఈ చూపు స్థిరపడడానికి ప్రధాన కారకుడు మిత్సువో ఫుచిదా. పెర్ల్ హార్బర్ మీద మొదటి విడత దాడినీ, కొలంబో దాడినీ నడిపిన ఈ వైమానికుడు, సహ నౌకాదళ అధికారి ఒకుమియాతో కలిసి 1951లో, జపాన్ ఓడిన మిడ్‌వే యుద్ధం మీద పుస్తకం రాశాడు. అమెరికా బాంబులు పడక ముందు ఐదు నిమిషాల వ్యవధి దొరికి ఉంటే తమ విమానాలు లేచేవన్నది అందులోని ప్రసిద్ధమైన మాట. అది నిలవదని చరిత్రకారులు పార్షల్, టల్లీ 2005లో జపాన్ రికార్డులతోనే తేల్చారు. అయినా ఫుచిదా వేసిన చట్రం చెదరలేదు. విమానవాహక నౌకలు ఎదురుబొదురుగా తలపడడమే చరిత్ర, సరుకు ఓడల గతి దానికి అనుబంధం అన్న భావన నేటికీ రాజ్యమేలుతోంది.

1942 ఏప్రిల్‌లో ఒకే వారంలో జపాన్ చేసిన రెండు దాడులను పక్కపక్కన పెట్టి చూడాలి. జపాన్ అడ్మిరల్ నగుమో ఐదు విమానవాహక నౌకలతో వచ్చి బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్‌ను, రెండు క్రూయిజర్లను ముంచాడు. అయితే బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ చేతిలోని ఐదు పెద్ద యుద్ధనౌకలు తప్పించుకున్నాయి. బర్మాలోని మెర్గుయ్ నుంచి వచ్చిన మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దగ్గర ఉన్న విమానవాహక నౌక ర్యూజో ఒక్కటే, అదీ చిన్నది; విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది దాని విమానాలే. క్రూయిజర్లను మూడు జట్లుగా విడదీసి, రక్షణ లేకుండా సాగుతున్న సరుకు ఓడల మీద పడ్డాడు. కొద్ది రోజుల్లో ఇరవై వరకు ఓడలు, సుమారు లక్ష టన్నులు మునిగాయి. అతని ఓడ ఒక్కటీ పోలేదు. బంగాళాఖాతంలో రాకపోకలు స్తంభించాయి. మద్రాసు ప్రభుత్వం కార్యాలయాలను లోతట్టు ఊళ్లకు తరలించింది. తక్కువ బలంతో ఎక్కువ ఫలం సాధించింది ఒజావాయే.

ఆ ఫలం విలువను జపాన్ నౌకాదళం గుర్తించలేదు. 1905లో త్సుషిమా దగ్గర అడ్మిరల్ తోగో రష్యా నౌకాదళంపై గెలిచిన నాటి నుంచి, ఒకే మహాసమరంలో శత్రు నౌకాబలాన్ని తుడిచిపెట్టాలన్నదే దానికి సిద్ధాంతం. 460 మిల్లీమీటర్ల ఫిరంగుల యుద్ధనౌక యమటో ఆ నమ్మకానికి ఉక్కు రూపం. జలాంతర్గాములను కూడా ముందుగా యుద్ధనౌకల వేటకే పంపారు. సొంత సరుకు ఓడల రక్షణకు ప్రత్యేక కమాండ్ 1943 నవంబరులో గాని ఏర్పడలేదు. ఒజావా తూర్పు తీరంలో చేసినదే అమెరికా జలాంతర్గాములు జపాన్‌కు ఏళ్ల తరబడి చేశాయి. సుమారు అరవై లక్షల టన్నులతో యుద్ధంలోకి దిగిన వాణిజ్య నౌకాబలం చితికిపోయింది. ఇంధన కొరత, అమెరికా కర్మాగారాల శక్తి ముందు ఏ పాఠమూ పనిచేసేది కాదనేవారున్నారు. ఆ ఇంధనం రావలసింది కూడా ఓడల్లోనే అన్నది వారికి సమాధానం. కనుక జపాన్ నౌకాదళ పతనానికి నాంది మిడ్‌వే కాదు, విశాఖ తీరంలో గెలిచి కూడా నేర్చుకోకపోవడమే.

విశాఖ మీద బాంబులు పడిన సరిగ్గా మూడేళ్లకు, 1945 ఏప్రిల్ 6న, యమటో విమానాల అండ లేకుండా ఒకినావా వైపు బయల్దేరింది. మర్నాడు మునిగింది.