ఇండియా వెళ్ళే ముందు: డాలరుకి మీ చేతికి వచ్చే రూపాయలెన్ని?

సెలవులకి ఇండియా టికెట్లు కొనేటప్పుడు మనవాళ్ళ ఓపిక చూడాలి. మనిషికి యాభై డాలర్లు తగ్గుతాయంటే దోహాలో ఏడు గంటలు కూర్చోవడానికైనా సిద్ధం. అదే మనిషి విమానం దిగి, సామాను కోసం ఎదురు చూస్తూ, పక్కనున్న కౌంటర్లో అయిదు వందల డాలర్లు ఇచ్చి, వాళ్ళు ఎన్ని రూపాయలిస్తే అన్ని జేబులో పెట్టుకుని బయటపడతాడు. టికెట్లో మిగిల్చిన డబ్బులో సగం అక్కడే పోయిందని తెలియను కూడా తెలియదు.

ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఇండియా వెళ్ళి వచ్చే తెలుగువారి కోసం. ఇతర దేశాల్లో ఉన్నవారికి కూడా భారతదేశం వైపు నిబంధనలు ఇవే. అమెరికా నిబంధనల చోట తామున్న దేశపువి చూసుకుంటే సరిపోతుంది.

రేటు అంటే ఏ రేటు?

గూగుల్‌లో డాలరు ధర కొడితే కనిపించేది మధ్య రేటు. బ్యాంకులు పెద్ద మొత్తాల్లో తమలో తాము మార్చుకునే ధరకి అది దగ్గరగా ఉంటుంది. కౌంటర్లో మనకి ఆ రేటు ఇవ్వరు. అక్కడి బోర్డు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి మన దగ్గర డాలరు కొనే ధర, రెండోది మనకి డాలరు అమ్మే ధర. కొనే ధర మధ్య రేటు కన్నా తక్కువ, అమ్మే ధర ఎక్కువ. ఆ తేడాయే వాళ్ళ లాభం. అందుకని "కమిషన్ లేదు" అన్న బోర్డు చూసి సంబరపడనక్కర్లేదు. కమిషన్‌ని రేటులోనే కలిపేసి ఉండవచ్చు.

లెక్క సులువు కోసం మధ్య రేటు 90 రూపాయలు అనుకుందాం. మొదటి కౌంటర్లో కమిషన్ లేదు, రేటు 84. వెయ్యి డాలర్లకి 84,000 వస్తాయి. రెండో చోట రేటు 89, కమిషన్ 300 రూపాయలు. చేతికి వచ్చేది 88,700. అంటే కమిషన్ తీసుకున్న చోటే 4,700 రూపాయలు ఎక్కువ.

కనుక ఎక్కడికి వెళ్ళినా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "అన్నీ పోగా నా చేతికి ఎంత వస్తుంది?" ఆ మొత్తాన్ని మీ జేబులోంచి పోయిన మొత్తం డాలర్లతో భాగించండి. అదే మీ అసలు రేటు. నోట్లయినా, కార్డయినా, ఆన్‌లైన్‌లో పంపినా ఈ ఒక్క అంకెతోనే పోల్చాలి. ఇండియాలో మార్చినప్పుడు జీఎస్టీ కూడా ఉంటుంది. లక్ష రూపాయల లోపు మార్పిడికి అది 0.18 శాతం, కనీసం 45 రూపాయలు. ఎక్కడ మార్చినా తప్పదు కాబట్టి దాని గురించి బెంగ వద్దు.

ఇక్కడే రూపాయలు కొనవచ్చా?

కొనవచ్చు గానీ గిట్టదు. రూపాయి డాలరులా దేశదేశాల్లో స్వేచ్ఛగా తిరిగే నోటు కాదు. ఇండియా నుంచి బయటికి వెళ్ళేవారు మనిషికి 25,000 రూపాయల వరకే నోట్లు తీసుకెళ్ళవచ్చు. బయటి నుంచి వెళ్ళే మనం విమానాశ్రయం ద్వారా తీసుకెళ్ళగలిగిందీ అంతే. ఇలా బయట నోట్ల రాకపోకలు తక్కువ కాబట్టి, అమ్మేవాళ్ళు రేటు గట్టిగానే వేసుకుంటారు. టాక్సీకీ, కాఫీకీ సరిపడా పోయినసారి మిగిలిన రూపాయలుంటే చాలు.

ఆ మిగిలిన నోట్లు ఏవో కూడా ఒకసారి చూసుకోండి. 2016 నవంబరు 8న రద్దయిన పాత 500, 1000 నోట్లు మనలో చాలామంది సొరుగుల్లో ఇంకా ఉన్నాయి. వాటి గడువులన్నీ 2017లోనే ముగిశాయి. 2,000 నోటుది వేరే కథ. రిజర్వు బ్యాంకు 2023 మే 19న దాన్ని చలామణి నుంచి ఉపసంహరించింది గానీ రద్దు చేయలేదు. మామూలు బ్యాంకులో తీసుకోరు. హైదరాబాదుతో సహా రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో ఇచ్చి, ఇండియాలోని మీ ఎకౌంటులో జమ చేయించుకోవాలి.

డాలరు నోట్లు పట్టుకెళ్తే

అమెరికా నుంచి ఎంత నగదైనా తీసుకెళ్ళవచ్చు. కానీ 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ 105 అనే ఫారం ఇవ్వాలి. దాన్ని తప్పించుకోవడానికి ఇంటిల్లిపాదికీ తలా కొంత పంచి పెట్టడం నేరం. ఇండియాలో దిగేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటినా కస్టమ్స్ వారికి కరెన్సీ డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. దీనికి పన్నేమీ లేదు. ఆ కాగితం ఉంటే, ఆ డాలర్లు బ్యాంకులో వేసుకునేటప్పుడుగానీ తిరిగి తెచ్చుకునేటప్పుడుగానీ ఇబ్బంది ఉండదు.

మార్చుకునే చోటు రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న దుకాణమో, బ్యాంకో అయి ఉండాలి. ఎయిర్‌పోర్టులో తప్పనిసరైతే యాభయ్యో వందో మార్చుకుని, మిగతాది ఊళ్ళో రెండు మూడు చోట్ల ఫోన్ చేసి రేటు కనుక్కుని మార్చుకోండి. మొదట చెప్పిన రేటు చివరి మాట కానక్కర్లేదు. అయిదు వందల డాలర్లు పైన ఉంటే బేరమాడవచ్చు. కొత్త వంద డాలర్ల నోట్లకి తరచు మంచి రేటు వస్తుంది. ఒకటి, అయిదు, పది నోట్లకీ, గీతలూ మరకలూ ఉన్నవాటికీ తగ్గిస్తారు, లేదా అసలు తీసుకోరు. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. ఎన్నారైలకి ఒక లావాదేవీలో 3,000 డాలర్ల వరకే రూపాయలు నగదుగా ఇవ్వవచ్చు, ఆపైన చెక్కు ద్వారానే. రసీదు అడిగి తీసుకుని దాచుకోండి. మిగిలిన రూపాయలని తిరిగి డాలర్లుగా మార్చుకోవడానికి అది పనికొస్తుంది.

కార్డులతో జాగ్రత్తలు

చాలా అమెరికా కార్డులు విదేశంలో వాడితే 3 శాతం దాకా ఫీజు వేస్తాయి. అసలు వేయని కార్డులూ ఉన్నాయి. ప్రయాణానికి నెల ముందే మీ కార్డు షరతులు చదవండి. ఫీజు లేని కార్డు మీద వీసా, మాస్టర్‌కార్డు ఇచ్చే రేటు మధ్య రేటుకి బాగా దగ్గరగా ఉంటుంది. హోటళ్ళకీ, పెద్ద షాపులకీ ఇదే మేలు.

ఒక చిన్న మోసం లాంటి మర్యాద గురించి తెలుసుకోవాలి. కార్డు గీసినప్పుడు మిషన్ "డాలర్లలోనా, రూపాయల్లోనా?" అని అడుగుతుంది. డాలర్లలో అయితే మనకి అర్థమవుతుంది కదా అని చాలామంది అదే నొక్కుతారు. నొక్కితే మార్చే పని మీ బ్యాంకు చేతిలోంచి ఆ షాపు వాడుకునే కంపెనీ చేతిలోకి పోతుంది, వాళ్ళ ఇష్టం వచ్చిన రేటు పడుతుంది. ఎప్పుడూ రూపాయలే ఎంచుకోండి. ఏటీఎంలో ఇలాగే అడిగితే ఆ మార్పిడి వద్దని చెప్పినా డబ్బు వస్తుంది, మంచి రేటుకే వస్తుంది.

ఏటీఎంలో డెబిట్ కార్డే వాడండి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే అడ్వాన్సు ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. విదేశీ కార్డులకి ఒకసారికి 10,000 రూపాయలే ఇచ్చే మిషన్లు చాలా ఉన్నాయి, తీసిన ప్రతిసారీ ఫీజూ పడుతుంది. రెండేసి వేలు అయిదుసార్లు తీస్తే అయిదు ఫీజులు. ఒకేసారి పదివేలు తీస్తే ఒక్కటే. రెండు కార్డులుంటే రెండూ ఒకే పర్సులో పెట్టకండి.

మీకన్నా ముందు డబ్బు చేరాలి

నెల రోజులు ఉండి, పెళ్ళి బట్టలూ ఇంటి మరమ్మతులూ పెట్టుకుని వెళ్ళేవారికి అన్నిటికన్నా మంచి దారి డబ్బుని ముందే ఇండియాలోని మీ ఎన్నారీ లేదా ఎన్నారో ఎకౌంటుకి పంపుకోవడం. డబ్బు పంపే సర్వీసుల మధ్య పోటీ ఎక్కువ కాబట్టి రేటు సాధారణంగా నోట్ల కన్నా బాగుంటుంది. అయితే మొదటిసారి పంపేవారికి చూపించే ఆకర్షణీయమైన రేటు రెండోసారి ఉండదు. అక్కడ కూడా పై భాగాహారమే చేసి చూసుకోండి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి కొందరు రేటు కాస్త తగ్గించి పెడతారు. పని దినాల్లో పంపడం మంచిది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి విదేశానికి డబ్బు పంపితే 1 శాతం పన్ను పడుతుంది. బ్యాంకు ఎకౌంటు నుంచీ, అమెరికా కార్డుతోనూ పంపితే పడదు.

చదువుకి వచ్చినప్పుడు ఊళ్ళో వదిలేసిన పాత సేవింగ్స్ ఎకౌంటుని అలాగే వాడుకోకూడదు, ఎన్నారోగా మార్పించాలి. రెండేళ్ళు ఏ లావాదేవీ లేకపోతే ఎకౌంటు నిద్రాణమవుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇక కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ నడుస్తున్న రోజులివి. 2023 జనవరిలో, అమెరికాతో సహా మొదట 10 దేశాల ఫోన్ నంబర్లని ఎన్నారీ, ఎన్నారో ఎకౌంట్లకి కలిపి యూపీఐ వాడుకోవడానికి అనుమతి వచ్చింది. మీ బ్యాంకూ, మీ యాప్ ఆ సదుపాయం ఇస్తున్నాయో లేదో ఇక్కడినుంచే సరి చూసుకోండి. అమెరికా పన్ను లెక్కల్లో ఉన్నవారి విదేశీ ఎకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజయినా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ దాఖలు చేయాలన్నది మరవద్దు.

"నువ్వు ఇక్కడ నాకు డాలర్లివ్వు, మా నాన్న గుంటూరులో మీ వాళ్ళకి రూపాయలిస్తాడు" అనే స్నేహితుల ఏర్పాటు మనవాళ్ళలో మామూలే. రేటు బాగానే కనిపిస్తుంది. కానీ 1999 నాటి ఫెమా చట్టం దీన్ని ఒప్పుకోదు. ఏదైనా తేడా వస్తే సమాధానం చెప్పుకోవలసింది అక్కడున్న పెద్దవాళ్ళు.

అమ్మానాన్నలు ఇటు వస్తుంటే

వారు ఇండియాలో లైసెన్సున్న చోట, ప్రయాణానికి 60 రోజుల లోపు డాలర్లు కొనుక్కోవాలి. ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే ఇస్తారు, ఆపైన ఫారెక్స్ కార్డు. డాలర్లకి రూపాయలు 50,000 దాటితే నగదు కాకుండా బ్యాంకు ద్వారా కట్టాలి. మన ఇంటికే వస్తున్నారు కాబట్టి నిజానికి దారి ఖర్చులకి రెండు మూడు వందలు చాలు. వాటిలో కొన్ని చిన్న నోట్లు ఉండేలా చూడమనండి. తిరిగి వెళ్ళాక 2,000 డాలర్ల వరకు దాచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజుల్లో మార్చేయాలి.

చెప్పి రాని ప్రయాణం

ఇంతవరకూ చెప్పింది తీరిగ్గా వెళ్ళే ప్రయాణం గురించి. మనందరి మనసులోనూ ఇంకో ప్రయాణం ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, నాన్నని ఆసుపత్రిలో చేర్చామంటారు. ఆ రాత్రి ఎవరూ రేట్లు పోల్చరు, పోల్చనక్కర్లేదు కూడా. కానీ ఆసుపత్రి వాళ్ళు అడ్వాన్సు కట్టమంటారు. మనం ఇంకా విమానంలోనే ఉంటాం.

ఆ రోజుకి కావలసినవి ఈ వారమే సిద్ధం చేసుకోవచ్చు. పనిచేస్తున్న ఎన్నారో లేదా ఎన్నారీ ఎకౌంటు, అందులో కొంత డబ్బు. ఊళ్ళో ఉన్న తమ్ముడో, అక్కో అవసరానికి తీయగలిగేలా బ్యాంకు అనుమతి పత్రం. ఒకసారి వాడి చూసిన డబ్బు పంపే సర్వీసు, ఎందుకంటే మొదటిసారి గుర్తింపు తనిఖీలకి ఒక్కోసారి రోజులు పడుతుంది. ఫీజు లేని డెబిట్ కార్డు, దాని పిన్ గుర్తు. పాస్‌పోర్టు పక్కన కవరులో నాలుగు కొత్త వంద డాలర్ల నోట్లు.

ఇవి ఉంటే సెలవుల ప్రయాణంలో కొన్ని వేల రూపాయలు మిగులుతాయి. ఆ రెండో ప్రయాణంలో మిగిలేది అంతకన్నా విలువైనది: దిగగానే కౌంటర్ల దగ్గర నిలబడకుండా తిన్నగా మనవాళ్ళ దగ్గరికి వెళ్ళగలగడం.