తంతికిని మెట్టునకును నడుమ

దక్షిణదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో తరతరములుగా వచ్చిన వీణలు నేటికిని గలవు. వానిలో కొన్ని గుడ్డతొడుగులలో గోడవారను మౌనముగ నున్నవి. మీటిన గరగరలాడుచున్నది, ఇక పనికిరాదు అని ఇంటివారందురు. అది తంతి తాను తాకరాని మెట్టును తాకుటచేత పుట్టిన జీర; వాద్యము చచ్చినదని దాని కర్థము కాదు. తంతికిని దాని క్రిందనున్న వస్తువునకును ఎంత యెడ ముండవలెనను నీ చిన్న ప్రశ్నకు పెద్ద చరిత్ర గలదు. నేను విద్వాంసుడను గాను. నేనెరిగిన కచేరి దస్త్రముల కచేరియే. కావున కంటికిని కొలతకును అందు సంగతులే చెప్పుదును.

తంజావూరును 1600 మొదలు 1634 వరకు ఏలిన రఘునాథనాయకుడు తెలుగు కవి, సంగీతజ్ఞుడు. ‘వాల్మీకిచరిత్రము’ ఆయన రచనయే. అంతకుముందు రాగమునుబట్టి మెట్లను జరుపుకొను వీణలు వాడుకలో నుండెను. ఆ ప్రభువు కాలమున, మంత్రి గోవిందదీక్షితుల విద్వత్సాహచర్యమున, స్థాయికి 12 చొప్పున 24 మెట్లను కదలకుండ నిలిపిన వీణ రూపొందినదని సంప్రదాయము. రఘునాథమేళవీణ యని దానికి పేరు. నేటి తంజావూరు వీణ ఆ వంశములోనిదే. దీక్షితుల కుమారుడు వేంకటమఖి ఆ 12 స్వరస్థానముల నాధారముగ గొని ‘చతుర్దండిప్రకాశిక’యందు 72 మేళములను లెక్కగట్టెను.

వైణికునకు సుఖమైనది, శిల్పికి మాత్రము పని కఠినమైనది. వైణికుడు తంతిని మెట్టుపై నొక్కి యూరకుండడు. ప్రక్కకు లాగి, ఆ మెట్టుననే పైస్వరములను గూడ పలికించును. అట్లు లాగబడిన తంతి గుర్రమువైపునున్న మెట్లలో దేనిని తాకినను గమకము నడుమ జీర పుట్టును. పోనీ యని యెడము హెచ్చించినచో, నొక్కినకొలది తంతి బిగిసి శ్రుతి హెచ్చును, వ్రేళ్లు నొచ్చును. ఈ రెంటి నడుమ శిల్పికి దొరకు చోటు మిక్కిలి సన్నని దారి.

అందులకే కాబోలు మన పెద్దలు మెట్లను కొయ్యలో దిగగొట్టలేదు. తేనెమైనమున బొగ్గుపొడి కలిపి, దండికి రెండు ప్రక్కల గట్లుగ పోసి, వానిపై లోహపు మెట్లను పొదిగిరి. శిల్పి మైనమును వేడిచే మెత్తబరచి, చెవితో పరీక్షించుచు, ఒక్కొక్క మెట్టును జరుపును, దించును, ఎత్తును. దీనినే మేళము కట్టుట యందురు. సవరింపదగిన వస్తువు చెడుటయు సులభమే. ఎండ తగిలినను, ఏండ్లు గడచినను మైనము క్రుంగును. ఒక మెట్టు వెండ్రుకవాసి లేచియున్నచో, దానికి బిరడాల వైపునున్న మెట్లపై పలుకు స్వరములు గరగరలాడును. గుర్రము మీది లోహపు పలక అరిగి గాడి పడినను తంతి దిగి అదే తంటా తెచ్చును. తంబురయందు మాత్రము గుర్రముపై దారముంచి ఈ తాకిడినే కోరి తెచ్చుకొందురు. దానిని జీవ యందురు. అక్కడ అది ప్రాణము, ఇక్కడ రోగము.

నేడు మన పిల్లలలో కొందరు వీణకు మారుగ బాస్ గిటారు పట్టినారు. నేను దానిని తప్పుపట్టను; ఆ వాద్యమునకును ఇదే చిక్కు గలదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ వెలువరించిన ప్రెసిషన్ బాస్ ఆ జాతిని లోకమెల్ల వ్యాపింపజేసినది. తంతుల క్రింద రాగితీగ చుట్టిన అయస్కాంతములుండును. దానిని పికప్ అందురు. ఉక్కుతంతి కదలికను అది విద్యుత్తుగ మార్చును. బాస్ తంతులు లావు, వాని ఊపు వెడల్పు. గట్టిగ లాగి విడిచినచో అవి పికప్‌ను కొట్టి టక్కుమనును. పికప్‌కు తొలుత లోహపు మూత యుండెడిది. వాయించువారు పెక్కురు దానిని తీసివేసిరి. 1960 దశకపు చివర లారీ గ్రాహం బొటనవ్రేలితో తంతిని కొట్టు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిన తరువాత ఆ తాకిడి మరింత హెచ్చినది.

విరుగుడు ఒక స్క్రూడ్రైవరు. తంతిని కడపటి మెట్టున నొక్కిపట్టి, పికప్‌కును తంతికిని రెండు మూడు మిల్లీమీటర్ల యెడముండునట్లు మరలు త్రిప్పి పికప్‌ను దించుదురు. అది చాలనిచో గుర్రమువద్ద తంతినే కొంచెమెత్తుదురు. మరీ దించినచో ధ్వని పలుచనగును. మరీ దగ్గరించినచో అయస్కాంతమే తంతిని లాగి శ్రుతి చెరచును. వీణకును పికప్ అమర్చువారు కలరు. అయస్కాంతపు రకమైనచో ఈ కొలత పాటింపవలసినదే. పైగా అది ఉక్కుసారణిని పట్టినట్లు ఇత్తడితంతిని పట్టదు.

బాస్ గిటారు మరలను మన పిల్లలే త్రిప్పుకొందురు. వీణ మైనమునకు మాత్రము చేయితిరిగిన మనిషి కావలెను. తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేళము కట్టువారు తంజావూరున ఇంకను కలరు. ఆంధ్రదేశమున బొబ్బిలి వీణ చేయు పనివారును కలరు. కుండ పగులక, దండి వంగక యున్నచో, గోడవారనున్న ఆ వీణ మరల పలుకుటకు సాధారణముగ కావలసినది క్రొత్త మైనము, క్రొత్త తంతులు, ఓర్పుగల చెవి. కొనిపోవునపుడు ఎండలో నిలిచిన కారులో దాని నుంచరాదు. మిగిలిన మెట్లును దారిలోనే క్రుంగును.