నేరం వల్ల మిగిలిన పేరు

ఆస్ట్రేలియాలో మన తెలుగు బడికి వచ్చే పిల్లలు వారమంతా ఇంగ్లీషు బడిలో చదువుతారు. అక్కడ అయిదో తరగతి ప్రాంతంలో ‘కన్విక్టుల’ పాఠం వస్తుంది. పక్కన కూర్చున్న స్నేహితురాలు ‘మా తాతమ్మకి తాతమ్మ ఖైదీగా ఓడలో వచ్చింది’ అని గర్వంగా చెప్తుంది. మనవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతారు: దొంగతనం చేసినావిడ గురించి అంత గొప్పగా చెప్పుకుంటారేం? మనింట్లో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా ఈ రెండు ప్రశ్నలనూ మీరు దాటవేయకండి. వీటితో మంచి పాఠం ఒకటి చెప్పవచ్చు.

ముందు మాటతో మొదలుపెట్టండి. ఈ శిక్షను తెలుగులో ద్వీపాంతరవాసం అంటాం. వేరే ద్వీపంలో ఉండటం అని విడదీసి చెప్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. బ్రిటిషు ప్రభుత్వం 1858 నుంచి మన దేశపు ఖైదీలను అండమాన్‌కు పంపింది. మన పెద్దలు దాన్నే కాలాపానీ అన్నారు. భారత శిక్షాస్మృతిలో ఈ శిక్ష 1955 చివరి దాకా ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను తరలించడం మాత్రం అంతకన్నా చాలా ముందే, 1788లోనే మొదలై 1868 వరకు సాగింది. మొత్తం సుమారు 1,62,000 మంది. వాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 25,000.

ఆ పాతిక వేలలో ఒక పిల్ల కథ చెప్పండి. పేరు మేరీ వేడ్. లండన్ వీధులు ఊడుస్తూ, అడుక్కుంటూ బతికేది. 1788లో ఇంకో అమ్మాయితో కలిసి ఎనిమిదేళ్ళ పాప ఒంటిమీది గౌను, భుజాల మీది కండువా, టోపీ దొంగిలించింది. గౌను తాకట్టు కొట్టుకు చేరింది. 1789 జనవరి 14న ఓల్డ్ బెయిలీ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. మార్చిలో రాజు మూడో జార్జి జబ్బు నుంచి కోలుకున్న సంతోషంలో, ఉరిశిక్ష పడ్డ ఆడవాళ్ళకి దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు. మేరీని ‘లేడీ జూలియానా’ అనే ఓడ ఎక్కించారు. రెండు వందల మందికి పైగా ఆడ ఖైదీలతో ఆ ఓడ 1790 జూన్ 3న సిడ్నీ చేరింది. అక్కడి నుంచి ఆమెను నార్ఫోక్ ద్వీపానికి పంపారు. తరవాత మళ్ళీ సిడ్నీ వైపు వచ్చింది, పిల్లల్ని కన్నది, 1817లో జోనథన్ బ్రూకర్‌ని పెళ్ళాడింది. 1859 డిసెంబరు 17న చనిపోయేనాటికి ఆమె సంతతి మూడు వందలకు పైమాటే. ఆస్ట్రేలియా ప్రధానిగా పనిచేసిన కెవిన్ రడ్ ఆ వంశంవాడే.

కథ చెప్పాక, ఇదంతా ఎలా తెలిసిందో పిల్లల్నే ఆలోచించనివ్వండి. ఇలాంటి పూర్వీకురాలి జాడ తీసేవాళ్ళు ఇవాళ్టి నుంచి వెనక్కి నడుస్తారు. ముందు ఇంట్లో బతికున్న పెద్దల్ని అడుగుతారు. తరవాత మరణ ధ్రువపత్రం చూస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1856లో మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లే దిక్కు. ఇంకా వెనక్కి వెళ్తే 1828 జనాభా లెక్కల్లో వయసు, మతం, ఉన్న ఊరు, వచ్చిన ఓడ, వచ్చిన ఏడాది దొరుకుతాయి. ఓడ పేరు దొరికితే సగం పని అయినట్టే. పెళ్ళితో ఆడమనిషి ఇంటిపేరు మారుతుంది, గుమాస్తా చేతిలో అక్షరాలు మారుతాయి, ఓడ పేరు మాత్రం మారదు. ఆ ఓడ ఖైదీల జాబితాలో శిక్ష పడిన ఊరు, తేదీ ఉంటాయి. వాటిని పట్టుకుని కోర్టు రికార్డుకి చేరతారు. ఓల్డ్ బెయిలీ విచారణల పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

కాగితం దొరికినంత మాత్రాన నిజమంతా దొరికినట్టు కాదని కూడా చెప్పండి. ఓడ ఎక్కేనాటికి మేరీ వయసు పదకొండని కొందరు, పదమూడని కొందరు రాస్తారు. ఇంకో ఉదాహరణ చూడండి. 1806లో శామ్యూల్ మార్స్‌డెన్ అనే మతాధికారి ఆ వలసలోని ఆడవాళ్ళ జాబితా ఒకటి తయారుచేశాడు. 1,430 మందిలో 395 మంది పెళ్ళయినవాళ్ళనీ, మిగిలిన 1,035 మంది ఉంపుడుగత్తెలనీ రాశాడు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగిన పెళ్ళినే ఆయన పెళ్ళిగా లెక్కించాడు. క్యాథలిక్ పద్ధతిలో పెళ్ళాడి, ఏళ్ళ తరబడి ఒకే మొగుడితో కాపురం చేసినావిడ కూడా ఆయన లెక్కలో ఉంపుడుగత్తే. అందుకే ఏ కాగితం చదివినా ‘ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు’ అని అడగటం పిల్లలకి అలవాటు చెయ్యండి.

అలాగని మేరీని అమాయకురాలిని చేసి చెప్పకండి. ఆ చిన్నపాపను మరుగుదొడ్డి గుంటలో తోసెయ్యాల్సింది అని మేరీ అన్నదని ఒక సాక్షి కోర్టులో చెప్పినట్టు నమోదైంది. అదీ ఆమె కథలో భాగమే. ఆకలితో ఉన్న పిల్ల, మొరటు పిల్ల, మూడు వందల మందికి మూలమైన ముసలమ్మ, ముగ్గురూ ఒక్కరే. పిల్లలు దీన్ని మనం అనుకున్నదానికన్నా తేలిగ్గా అర్థం చేసుకుంటారు.

ఇక గర్వం సంగతి. ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. ఖైదీ రక్తం అంటే మచ్చ అని కొన్ని తరాల పాటు ఆస్ట్రేలియా కుటుంబాలు దాచిపెట్టాయి. సంబంధాలు చెడతాయని, నలుగురిలో చులకనవుతామని భయం. ఈ భయం మనకి తెలియంది కాదు. మనవలు, మునిమనవలు ఆ మచ్చను తుడవకుండా చదవటం మొదలుపెట్టాక సిగ్గు తగ్గింది. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇప్పుడు పిల్లల రెండో ప్రశ్నకి వద్దాం: మనింట్లో ఎవరు? ఇక్కడే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. గౌను దొంగిలించిన ఆ పిల్ల గురించి మనకి తెలిసినంత కూడా చాలామందికి తమ సొంత తాతమ్మ గురించి తెలియదు. మన వంశవృక్షాల్లో తండ్రి, తాత, ముత్తాత వరసగా ఉంటారు. ఆడవాళ్ళు ‘భార్య’, ‘కుమార్తెలు ఇద్దరు’ అన్న దగ్గర ఆగిపోతారు. సర్కారు దృష్టిలో పడినవాళ్ళ పేర్లే నిలిచాయి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీలు నేరస్థులు కారు. కానీ ఓడ ఎక్కారు కాబట్టి, వాళ్ళలోని తెలుగు ఆడవాళ్ళకి కూడా పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు జాబితాలో ఎక్కాయి. ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ అక్కచెల్లెళ్ళ పేర్లు ఎవరు రాశారు? స్వతంత్రం వచ్చాక కూడా, మొదటి సాధారణ ఎన్నికల ముందు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళను ఓటర్ల జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాదిలో జరిగింది ఇది. తమ పేరు చెప్పకుండా ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని రాయించుకున్నారు వాళ్ళు.

కాబట్టి ఈ పాఠానికి ఇంటిపని ఇలా ఇవ్వండి. పిల్లలు అమ్మమ్మ తల్లి పేరు, నాయనమ్మ తల్లి పేరు కనుక్కుని తెలుగులో రాయాలి. పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, చేసిన పని, ఆమె గురించి ఇంట్లో చెప్పుకునే ఒక్క సంగతి రాస్తే చాలు. ప్రతి సంగతి పక్కనా ‘విన్నది’ అనో ‘కాగితంలో చూసింది’ అనో గుర్తు పెట్టించండి. పాత శుభలేఖలు, పొలం కాగితాలు, రేషన్ కార్డులు, ఫొటోల వెనక రాతలు వెతకమనండి. దత్తత, విడాకులు, తగాదాలు వంటివి బయటపడితే క్లాసులో చదవమని బలవంతపెట్టవద్దు. చెప్పాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం.

తల్లిదండ్రులకి ఒక్క మాట. ఈ పేర్లు ఏ కోర్టు పుస్తకంలోనూ ఉండవు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, మేనత్తకో, పెద్దమ్మకో మాత్రమే తెలుసు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ‘అమ్మమ్మా, మీ అమ్మ పేరేంటి?’ అని వాళ్ళ చేతే అడిగించండి. అమ్మమ్మ చెప్పేది మొత్తం వినేదాకా ఫోను పెట్టేయకండి.